గండికోటలో విన్న పేరు: ఎల్లాప్రగడ సుబ్బారావు

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, ఇంజనీరును కదా, మైలవరం డ్యాం గురించో సిమెంటు ఫ్యాక్టరీల గురించో రాస్తాననుకుని ఉంటాడు. నేను రాయబోయేది ఒక డాక్టరు గురించి. ఆయనది మన జిల్లా కాదు, భీమవరం. ఆయన చనిపోయి డెబ్బై ఏళ్లు దాటింది. ఆయన పేరు నేను మొదటిసారి విన్నది మాత్రం గండికోటలో, మన బడి పిల్లలతో కలిసి, పెన్నా లోయ అంచున రొప్పుతూ కూర్చున్నప్పుడు. అందుకే ఈ సంచికలో ఆయనకు చోటుందనుకుంటున్నాను.

నేను పదో తరగతి చదివేటప్పుడు మమ్మల్ని గండికోటకు తీసుకెళ్లారు. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లే అయినా అప్పుడది మాకు పెద్ద ప్రయాణం. ఇప్పటిలా హోటళ్లూ గుడారాలూ లేవు. జొన్న రొట్టెలు, చెనిక్కాయల చట్నీ మూటగట్టుకుని పోయినాము. మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూశాక, లోయ దగ్గరికి ఎవరు ముందు పోతారని పందెం పెట్టుకుని పరిగెత్తాము. అక్కడ కూలబడి రొప్పుతుంటే మా సైన్సు సారు నిదానంగా వచ్చి పాఠం మొదలుపెట్టారు. పరుగు మొదలైన తొలి కొన్ని క్షణాల్లో కండకు శక్తినిచ్చేది అప్పుడు పీల్చిన గాలి కాదనీ, కండలో ముందే దాచిపెట్టి ఉన్న ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థమనీ చెప్పారు. దాన్ని కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు మన తెలుగాయన, ఎల్లాప్రగడ సుబ్బారావు అన్నారు. ఆ పేరు మా పుస్తకంలో లేదు, పరీక్షలో రాదు. సాయంత్రానికల్లా మరిచిపోయాను.

మళ్లీ ఆ పేరు విన్నది 2003లో, వేలూరు ఆసుపత్రిలో.

మా చెల్లెలి కూతురికి అప్పుడు ఆరేళ్లు. పాలిపోయింది, ఆడుకోవడం మానేసింది, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది, రాత్రిళ్లు కాళ్లు నొప్పులని ఏడ్చేది. రక్తం తక్కువైందని ఇంట్లో మేమే తేల్చేశాము. చదువుకున్న మేనమామను కాబట్టి ఐరనూ ఫోలిక్ యాసిడూ ఉన్న టానిక్ సీసా కొనిచ్చింది నేనే. నెల రోజులు తాపించాము. మోకాళ్ల కింద, దెబ్బ తగలని చోట కూడా కమిలినట్టు నీలి మచ్చలు కనబడ్డాక భయమేసి ప్రొద్దుటూరులో రక్తపరీక్ష చేయించాము. ల్యాబులో వాళ్లు మళ్లీ ఒకసారి రక్తం తీసుకుంటామన్నారు. తెల్ల కణాల లెక్క ఎంతో ఎక్కువ ఉంది, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. ఆ రాత్రే కడప, రాయచోటి, చిత్తూరు మీదుగా వేలూరుకు బయలుదేరాము. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి చూశారు. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అన్నారు. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే.

చికిత్స కొన్ని నెలలు నడిచాక ఒకరోజు సెలైన్ స్టాండుకు ఒక సంచి తగిలించారు. అందులోని ద్రవం పసుపచ్చగా, నీళ్లలో పసుపు కలిపినట్టు ఉంది. పేరు మెథోట్రెక్సేట్. అదేం చేస్తుందని అడిగాను. ఇంజనీరునని తెలిసి ఆ యువ డాక్టరు కొంచెం ఓపిక పట్టాడు. ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపించి ఫోలిక్ యాసిడ్ పనిని చెడగొట్టే మందు ఇది, దీని వెనక ఒక తెలుగువాడు ఉన్నాడు, మీకు తెలిసే ఉండాలి అని ఆ పేరు చెప్పాడు. నాకు గండికోట, సారు, ఆ రొప్పు అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. దాని వెంటే టానిక్ సీసా కూడా గుర్తొచ్చింది. ఫోలిక్ యాసిడ్ పనిని ఆపడమే వైద్యమైతే, నెల రోజులు చెంచాలతో అదే పోసింది నేను కదా! ఆ సంగతి మా చెల్లెలికి చాలా రోజులు చెప్పలేదు. డాక్టరును మాత్రం అడిగాను. ఆ టానిక్ వల్ల జబ్బు రాలేదు, టానిక్‌లో ఉండే మోతాదు వల్ల దాని దారీ మారలేదు, పోయినదల్లా నెల రోజుల కాలమే అన్నాడు. అప్పటికి నమ్మినట్టు తలూపాను. పూర్తిగా నమ్మడానికి సుబ్బారావు గారి జీవితం మొత్తం చదవాల్సి వచ్చింది.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. జబ్బు చేసి ఆ ఉద్యోగం కూడా ముందే వదులుకున్నారు. తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవాడు. చదువు మీద ధ్యాస తక్కువ. పదమూడేళ్ల వయసులో ఇల్లు వదిలి కాశీకి బయలుదేరాడు. అక్కడ యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఆలోచన. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. తల్లి ఊరుకోలేదు. ఒంటిమీది నగలు అమ్మి బడికి పంపింది. రాజమండ్రిలో చదివినా మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు. చివరికి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి, మూడో ప్రయత్నంలో పాసయ్యారు. మన బ్యాచ్‌లో రెండుసార్లు తప్పినవాళ్లు ఎవరెవరో వాళ్లకే తెలుసు. వాళ్లు ఈ పేరా ఇంకోసారి చదువుకోవచ్చు.

తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ. అక్కడ రామకృష్ణ మఠం వైపు మనసు పోయి సన్యాసం తీసుకుంటానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే అదీ సేవే కదా అని మఠంలోని పెద్దలు సర్దిచెప్పి మద్రాసు మెడికల్ కాలేజీ దారి పట్టించారు. చదువుకు డబ్బు లేదు. 1919లో శేషగిరి గారితో పెళ్లయింది. చదువు ఖర్చుల్లో మామగారు ఆదుకున్నారు. గాంధీగారి పిలుపు విని ఆపరేషన్ గదిలోకి ఖద్దరు కోటు తొడుక్కుని పోతే ఇంగ్లీషు ప్రొఫెసరుకు కోపం వచ్చింది. చదువు బాగా చదివినా చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్. దాంతో ప్రభుత్వ వైద్య ఉద్యోగం రాలేదు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే పనిలో చేరారు.

ఆ రోజుల్లోనే ఇంటి మీద పెద్ద దెబ్బ పడింది. అన్నదమ్ములు ఇద్దరు, పురుషోత్తం, కృష్ణమూర్తి, కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. జబ్బు పేరు స్ప్రూ. పేగులు తిన్నది పట్టించుకోవు. విరేచనాలు ఆగవు, నాలుక పుండుపడుతుంది, రక్తం పాలిపోతుంది, మనిషి ఎండిపోతాడు. అప్పటి ఇంగ్లీషు వైద్యంలో దానికి మందు లేదు. సుబ్బారావు గారికీ అదే జబ్బు పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. తాను బతికి, తోడబుట్టినవాళ్లు పోవడం ఆయనను జీవితాంతం వదల్లేదనే నేను అనుకుంటాను. అమెరికా పోయి ఉష్ణదేశాల జబ్బుల వైద్యం చదవాలన్న పట్టుదల అక్కడ పుట్టిందే.

1922లో కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సాయం, మామగారు ఇచ్చిన డబ్బు పట్టుకుని ఓడెక్కారు. శేషగిరి గారు అప్పుడు గర్భిణి. రెండు మూడేళ్లలో తిరిగొచ్చేస్తానని చెప్పి వెళ్లారు. అక్టోబరు చివర బోస్టన్ చేరారు. కొడుకు పుట్టాడు. ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి వాణ్ని చూడనే లేదు. ఆ తర్వాత భార్యనూ చూడలేదు. ఇరవై ఆరేళ్లు అక్కడే ఉండిపోయారు. ఈ విషయంలో ఆయనను వెనకేసుకురావడం నాకు చేతకాదు. చదువు, అప్పు, పరిశోధన, ఆ తర్వాత యుద్ధం అని కారణాలు చెప్పుకోవచ్చు. కానీ ఇక్కడ ఎదురుచూసిన మనిషి జీవితం కూడా ఆ లెక్కలో ఖర్చయింది. ఆయన మీద రాసేవాళ్లు ఆ మాటను ఒక్క వాక్యంలో దాటేస్తారు. చూస్తే నేనూ ఒక్క పేరాతోనే దాటుతున్నాను.

బోస్టన్‌లో హార్వర్డ్ వైద్య కళాశాలలో ఉష్ణదేశ వైద్యం డిప్లొమా చదివారు. ఇక్కడి పట్టా చూసి అక్కడ డాక్టరు ఉద్యోగం ఎవరూ ఇవ్వరు. పొట్ట గడవడానికి పక్కనే ఉన్న పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. అంటే రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి కడిగే పని. పగలు బయోకెమిస్ట్రీ ల్యాబు. అక్కడ సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడి దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో నీలి రంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతి ఒకటి ఇద్దరూ కలిసి తయారుచేశారు. 1925లో అచ్చయిన ఆ పద్ధతిని ఇప్పటికీ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే అంటారు. కొలిచే పరికరం చేతిలో ఉంటే కొత్త వస్తువులు వాటంతట అవే బయటపడతాయని మా ఇంజనీర్లకు తెలుసు. అదే జరిగింది. 1927లో కండలో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. సారు గండికోటలో చెప్పింది ఇదే. 1929లో ఏటీపీ. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా దాన్ని విడిగా కనుగొన్నాడు. కాబట్టి ఏటీపీని సుబ్బారావు ఒక్కరే కనిపెట్టారని వాట్సాప్‌లో తిరిగే సందేశాన్ని కొంచెం తగ్గించి చదువుకోవాలి.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఆ తర్వాత పదేళ్లు హార్వర్డ్‌లోనే ఉన్నా స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీ ల్యాబుకు మారారు. కొద్దికాలానికే అక్కడి పరిశోధనకంతటికీ ఆయనే అధిపతి అయ్యారు. మన చిన్నప్పుడు ఏ పుండుకైనా, జ్వరానికైనా కాంపౌండర్లు ఇచ్చిన టెట్రాసైక్లిన్ గొట్టాలు గుర్తున్నాయి కదా. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ ఆయన హయాంలో, ఆ ల్యాబులో, డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త చేతిలో బయటికొచ్చింది. బోదకాలు మాత్రగా మనం మింగే డీఈసీ కూడా అక్కడిదే. ఒక్కోదాని మీద ఒక్కో వ్యాసం రాయొచ్చు. నాకు కావలసింది ఆ పసుపు సంచి.

దాని కథ మొదలయ్యేది కాలేయంతో. ఒక రకం ప్రాణాంతకమైన రక్తహీనత కాలేయం తినిపిస్తే నయమవుతుందని 1926లో బోస్టన్‌లోనే తేలింది. కాలేయంలో అలా పనిచేసేది ఏమిటో వేరు చేయాలని సుబ్బారావు గారు హార్వర్డ్‌లో ఉన్నప్పటి నుంచీ ప్రయత్నిస్తున్నారు. ఇటు బొంబాయిలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ, మిల్లు కార్మికులైన గర్భిణుల రక్తహీనత ఈస్టు సారంతో తగ్గడం గమనించింది. 1941లో టెక్సాస్‌లో కొందరు పాలకూర నుంచి ఒక పదార్థం తీసి, ఆకు అనే అర్థమొచ్చేలా ఫోలిక్ యాసిడ్ అని పేరుపెట్టారు. వీటిలో చివరి రెండూ ఒకే వస్తువు చుట్టూ తిరిగిన దారులు. దాన్ని కృత్రిమంగా, కావలసినంత తయారుచేసే పద్ధతిని 1945లో సాధించింది సుబ్బారావు గారి బృందం. ఆ మందు స్ప్రూ మీద పనిచేసింది. అన్నదమ్ములు పోయి పాతికేళ్లు కావొస్తుండగా వాళ్ల జబ్బుకు మందు ఆయన ల్యాబు నుంచే వచ్చిందన్నమాట.

ఇక్కడితో కథ ఆగినా ఆయన గొప్పవాడే. కానీ బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఉన్నాడు. చనిపోయిన పిల్లల శరీరాలు కోసి జబ్బు కారణం చూడడం ఆయన పని. ల్యుకేమియా పిల్లలను ఆయన ఎక్కువగా చూసింది అలాగే. ఆ జబ్బు వచ్చిన పిల్లలు వారాల్లో, మహా అయితే నెలల్లో పోయేవాళ్లు. రక్తహీనతలో మూలుగను దారిలో పెడుతున్న ఫోలిక్ యాసిడ్, ల్యుకేమియాలో అదుపు తప్పిన మూలుగను కూడా దారిలో పెడుతుందేమోనని ఆయన అనుకున్నాడు. లెడర్లీ నుంచి ఆ జాతి మందులు తెప్పించి ఇచ్చాడు. ఫలితం తలకిందులైంది. పిల్లల్లో జబ్బు ఇంకా ఉరకలెత్తినట్టు ఆయనకు కనబడింది.

ఈ చోటు చదివినప్పుడు పుస్తకం మూసి కొంచెంసేపు బయట తిరిగొచ్చాను. ఆయన ఇచ్చింది టానిక్ చెంచా కాదు, పెద్ద మోతాదు మందు అని బుద్ధికి తెలుసు. అయినా పాలిపోయిన పిల్లకు బలమొస్తుందని పోసిన చెయ్యి ఒకటే కదా అనిపించింది. ఫార్బర్ అక్కడ ఆగిపోలేదు. ఈ విటమిన్ జబ్బును పెంచుతోందంటే, దాన్ని అందకుండా చేస్తే జబ్బు తగ్గాలి కదా అని తిరగేసి ఆలోచించాడు. ఆ అందకుండా చేసే వస్తువు సుబ్బారావు గారి ల్యాబులో ఉంది. ఫోలిక్ యాసిడ్ తయారీ చేతికొచ్చాక, అక్కడి రసాయనవేత్తలు దాని అణువులో అక్కడక్కడా చిన్న మార్పులు చేసి రకరకాల నకళ్లు తయారుచేసి పెట్టారు. ఒకచోట ఆక్సిజన్ ఉన్న ముక్క తీసి నైట్రోజన్ ముక్క పెడితే అమినోప్టెరిన్. దానికి ఇంకోచోట ఒక కర్బనపు ముక్క చేరిస్తే మెథోట్రెక్సేట్. విటమిన్‌కూ, విటమిన్ పనిని ఆపేదానికీ ఉన్న తేడా అంతే.

ఈ నకలు ఏం చేస్తుందో నాకు అర్థమైన భాషలో చెప్తాను. డాక్టర్లు నవ్వుకుంటే నవ్వుకోనీ. మన ఒంట్లో కణం రెండుగా చీలాలంటే ముందు తన డీఎన్‌ఏకు మొత్తం నకలు తీసుకోవాలి. ఎప్పుడు చీలాలి, ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు చావాలి అనేది చెప్పే జన్యువులు ఉంటాయి. కొన్ని యాక్సిలరేటరు లాంటివి, కొన్ని బ్రేకు లాంటివి. వాటిలో ఒకటి చెడితే మిగతావి సర్దుకుంటాయి. ఒక కణంలో, దాని సంతానంలో, అలాంటి లోపాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటే ఆ వంశం ఎవరి మాటా వినదు. అదే క్యాన్సరు. ల్యుకేమియాలో ఇది మూలుగలో జరుగుతుంది. పెరిగి పనికొచ్చే తెల్ల కణంగా మారాల్సినవి పసితనంలోనే నిలిచిపోయి, గుంపుగా పెరిగి చోటంతా ఆక్రమిస్తాయి. ఎర్ర కణాలకు చోటు లేక పాలిపోవడం, ప్లేట్‌లెట్లకు చోటు లేక నీలి మచ్చలు, మంచి తెల్ల కణాలు లేక జ్వరాలు, మూలుగ కిక్కిరిసి ఎముకల నొప్పులు. మా పిల్లలో మేము చూసినవన్నీ ఒకే జబ్బు ముఖాలని అప్పుడు తెలియలేదు.

ఇప్పుడు డీఎన్‌ఏ నకలు తీయడాన్ని గోడ కట్టడం అనుకోండి. బేల్దారికి సరుకు మోసే తట్ట ఫోలిక్ యాసిడ్. థైమిన్ అనే ఒకరకం ఇటుక చేయడానికి కావలసిన కర్బనపు ముక్క ఈ తట్టలోనే వస్తుంది. తట్ట ఒక్కసారి సరుకు దించగానే చిల్లు పడుతుంది. దాన్ని మళ్లీ బాగుచేసి పంపేవాడు ఒకడుంటాడు. వాడొక ఎంజైము. మెథోట్రెక్సేట్ అచ్చం చిల్లు తట్టలా కనిపించే దొంగ తట్ట. బాగుచేసేవాడు దాన్ని పట్టుకుంటాడు, ఇక వదలలేడు. అసలు తట్టలు చిల్లులతో పక్కన పేరుకుంటాయి. ఇటుకలు ఆగుతాయి. గోడ సగంలో నిలిచిపోతుంది, కణం చస్తుంది. నిదానంగా కట్టుకునేవాడికి దీంతో పెద్ద ఇబ్బంది లేదు. రాత్రింబవళ్లు కట్టేవాడే ముందు పడతాడు. క్యాన్సరు కణం అలాంటిది. నోటి లోపలి పొర, పేగు పొర, మంచి మూలుగ కూడా ఎప్పుడూ కట్టుకుంటూనే ఉంటాయి కాబట్టి వాటికీ దెబ్బ తగులుతుంది. నోరంతా పుండ్లు పడి మా పిల్ల నాలుగు రోజులు చల్లటి మజ్జిగ కూడా మింగలేకపోవడం అందుకే.

పెద్ద మోతాదు ఇచ్చినప్పుడు విరుగుడు కూడా ఇస్తారు. మందు ఎక్కిన తర్వాత, డాక్టర్లు చెప్పిన గంటకు, ల్యూకోవోరిన్ అనే ఇంజెక్షన్. అది మరేదో కాదు, ఫోలిక్ యాసిడ్ రూపమే. ముందే బాగుచేసి ఉన్న మంచి తట్టలను బయటి నుంచి దించడం అన్నమాట. మూత్రం పులుపు తిరిగితే మందు కిడ్నీల్లో గడ్డకడుతుందని సోడా బైకార్బొనేట్ ఎక్కిస్తూ ప్రతిసారీ మూత్రంలో కాగితం ముంచి రంగు చూసేవాళ్లు. రాత్రి రెండింటికి ఆ కాగితం రంగు చూసే డ్యూటీ నాది. నర్సమ్మ విరుగుడు సీసా పేరు చెప్పి, ఇది విటమినే అన్నప్పుడు నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో చెప్పలేను.

మళ్లీ ఆ కాలానికి వస్తే, 1947 చివర ఫార్బర్ రెండేళ్ల పిల్లవాడికి అమినోప్టెరిన్ ఇచ్చాడు. కొద్ది రోజుల్లో తెల్ల కణాలు దిగొచ్చాయి. లేవలేని పిల్లవాడు లేచి నడిచాడు. 1948 జూన్ 3న వెలువడిన వ్యాసంలో ఫార్బర్ బృందం పదహారు మంది పిల్లల సంగతి రాసింది. పది మందిలో జబ్బు వెనక్కి తగ్గింది. ఎవరిలోనూ అది నిలవలేదు. నెలల్లో మళ్లీ వచ్చింది, పిల్లలు పోయారు. చాలామంది డాక్టర్లు ఈ ఫలితాన్ని నమ్మలేదు, నమ్మినవాళ్లలో కొందరు పిల్లలను ఎందుకు హింసిస్తారని తిట్టారు. అయినా మందుతో ల్యుకేమియాను వెనక్కి నెట్టవచ్చని అప్పటిదాకా ఇంత స్పష్టంగా ఎవరూ చూపలేదు.

ఆ వ్యాసం వచ్చిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలోనే గుండెపోటుతో పోయారు. యాభై మూడేళ్లు. నేను ఆ వయసు దాటి మూడేళ్లయింది. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు, చివరిదాకా భారతీయుడిగానే ఉన్నారు. చనిపోయేనాటికి ఆయనకు తెలిసింది పది మంది పిల్లలకు కొన్ని నెలలు కలిసొచ్చాయని మాత్రమే. 1956లో మెథోట్రెక్సేట్‌తో కోరియోకార్సినోమా అనే క్యాన్సరు పూర్తిగా నయం కావడం మొదలైంది. చైనాలో పుట్టిన మిన్ చియు లీ, ఆయనతో రాయ్ హెర్ట్జ్ చేసిన పని అది. గడ్డ కట్టే క్యాన్సరు మందులతోనే నయమవడం అదే మొదటిసారి. అరవైల్లో నాలుగైదు మందులు కలిపి ఇవ్వడం నేర్చారు. ఒక్క మందుకు లొంగనిది అన్నిటికీ లొంగింది. మెదడు చుట్టూ దాక్కునే కణాల కోసం వెన్నులోకి మెథోట్రెక్సేట్ ఎక్కించడం తెలిసింది. ఇప్పుడు మంచి చికిత్స చివరిదాకా అందే చోట, ఈ జబ్బు వచ్చిన పిల్లలు పది మందిలో ఎనిమిది తొమ్మిది మంది బతుకుతున్నారు. చివరిదాకా అన్న మాట కావాలనే రాశాను. జుట్టు వచ్చింది, పిల్ల ఆడుకుంటోంది, ఇక చాలులే అని మధ్యలో మానేసినవాళ్లను వేలూరులో చూశాను, వాళ్లు మళ్లీ రావడమూ చూశాను.

మా పిల్లకు మొత్తం రెండున్నరేళ్లు పట్టింది. ఆరోగ్యశ్రీ ఇంకా రాని రోజులు. మా బావ రెండెకరాలు కౌలుకిచ్చి, చీటీ పాడి, చెల్లెలి మెడలోది కూడా కరిగాక అయిపోయింది. చివరి ఏడాదిన్నర ఇంట్లోనే మాత్రలు. రోజూ ఒకటి, మెథోట్రెక్సేట్ మాత్రం వారానికి ఒక్కరోజే. ఆదివారం అని క్యాలెండరులో పసుపు చుక్క పెట్టేది మా అమ్మ. ఈ మాట ప్రత్యేకంగా రాయడానికి కారణం ఉంది. ఇదే మాత్రను చిన్న మోతాదులో కీళ్లవాతానికీ, సోరియాసిస్‌కూ ఇస్తారు. అదీ వారానికి ఒక్కసారే. మన బ్యాచ్ వాళ్లలో, వాళ్ల తల్లుల్లో వాడుతున్నవాళ్లు ఉండే ఉంటారు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. వారం పేరు మాత్రల అట్ట మీదే రాసి పెట్టుకోండి.

2006 వేసవిలో చివరి పరీక్ష అయి ఊరికొచ్చాక సారును వెతుక్కుంటూ పోయాను. అప్పటికే రిటైరై ప్రొద్దుటూరులో కొడుకు దగ్గర ఉన్నారు. గండికోట పందెం గుర్తు చేస్తే ఆయనకు గుర్తు లేదు. సుబ్బారావు పేరు చెప్తే మాత్రం లేచి కూర్చున్నారు. ఆయన పేరుతో 1995లో వచ్చిన తపాలా బిళ్ల ఒకటి పాత డైరీలోంచి తీసి చూపించారు. పసుపు సంచి సంగతి, టానిక్ సంగతి రెండూ చెప్పాను. టానిక్ గురించి ఆయన ఏమీ అనలేదు. పిల్లను ఎప్పుడు తీసుకొస్తావని అడిగారు. మరుసటి ఆదివారం తీసుకెళ్లాను. జుట్టు అప్పటికి బుజాల దాకా వచ్చింది. రెండు జడలు వేసుకుని, కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. సారు కుర్చీ చుట్టూ రెండు చుట్లు పరిగెత్తి, ఆయన పంచాంగం పక్కన పెట్టిన బెల్లం ముక్క అడక్కుండానే నోట్లో వేసుకుంది.